నల్లాకు మోటారు పెట్టిన ఎండాకాలం

తొంభైల మధ్యలో మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి కింది పోర్షన్లో కిరాయికి ఉండేవాళ్లం. మెయిన్ రోడ్డు నుంచి రెండు మలుపులు తిరిగితే వచ్చే సన్న గల్లీ. రెండు గదులు, వంటిల్లు, వెనక బండలు పరిచిన చిన్న వాకిలి. ఇంట్లో నేను, మా ఆయన, అత్తమ్మ, నాలుగేళ్ల పాప. మా ఆయన ఆఫీసు అశోక్‌నగర్‌లో. నేను నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ మాట మొదలైనా నీళ్ల దగ్గరికే వచ్చి ఆగేది. నల్లా రోజు విడిచి రోజు, పొద్దున అయిదున్నరకు వచ్చేది. గంట ఉంటుందో, అరగంటే ఉంటుందో చెప్పలేం. పైపులో జోరు లేక నీళ్లు నేల మీదికి ఎక్కేవి కావు. అందుకని వాకిట్లో నడుం లోతు గుంత తవ్వి, నల్లాను అందులోకి దించారు. నేను మూడు మెట్లు దిగి, వంగి, చెంబుతో పట్టి బిందె నింపి పైకి ఎత్తితే అత్తమ్మ అందుకుని డ్రమ్ములో పోసేది. నీళ్లు వచ్చే రోజు నాలుగున్నరకే మెలకువ వచ్చేది. నల్లా తిప్పి, మొదట వచ్చే గాలి చప్పుడు వినేదాకా నా గుండె కుదురుగా ఉండేది కాదు.

మా వాకిలి గోడకు అవతల ఒక బస్తీ. పాలమూరు జిల్లా నుంచి వచ్చి కట్టడం పనులు చేసుకునేవాళ్ల ఇళ్లు ముప్పై దాకా ఉండేవి. వాళ్లందరికీ కలిపి ఒక్కటే నల్లా. మా ఇంటికి వచ్చే పైపు నుంచే ఒక పాయ చీలి, గోడ కిందుగా పోయి అక్కడ తేలేది. మా ఇంట్లో గిన్నెలు తోమి, బట్టలు ఉతికే ఆమె ఆ బస్తీలోనే ఉండేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. భర్త రోజూ పొద్దున నారాయణగూడ అడ్డా మీద నిలబడి కూలీకి పోయేవాడు. ముసలి అత్త కూడా ఆమె దగ్గరే ఉండేది.

గల్లీలో మొదటి మోటారు ఎదురింటాయన తెచ్చాడు. రిటైరైన మనిషి. మేడ మీద రేకుల గదులు వేసి, పోటీ పరీక్షలకు చదువుకునే అబ్బాయిలకు కిరాయికి ఇచ్చాడు. అంతమంది స్నానాలకు నీళ్లు కావాలి కదా. ఒకనాడు నేను గుంతలో ఉండగా ఆయన వాకిట్లోంచి బొయ్యిమని రొద మొదలైంది. నా చెంబులో పడుతున్న ధార సన్నబడి, దారంలా అయి, ఆగిపోయింది. నల్లా మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు రావడం అటుంచి, నా అరచేతి చర్మాన్నే నల్లా లోపలికి పీల్చుకుంటోంది.

నెల తిరక్కుండా గల్లీలో నాలుగిళ్లకు మోటార్లు వచ్చాయి. మాకు మూడు బిందెలు దొరికితే గొప్ప అన్నట్టయింది. అత్తమ్మకు నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. మోటారు కొందామని పట్టుబట్టింది నేనే.

"నల్లాకు సీదా మోటారు పెట్టుడు తప్పు. పట్టుకుంటే కనెక్షన్ కట్ చేస్తరు" అన్నాడు మా ఆయన.

"గల్లీ మొత్తానికి కట్ చేస్తరా? అందరు పట్టుకున్నంక మనం పట్టుకుందామంటే ఏం మిగుల్తది?" అన్నాను.

"గోడ అవతలోళ్లకు?"

"మనం నింపుకున్నంక వాళ్లకు ఇడుద్దాం" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగా అట్లాగే చేస్తామనుకున్నాను.

అర హెచ్‌పీ మోటారు. అశోక్‌నగర్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి నల్లాను విప్పేసి, పైపు మూతికి మోటారు బిగించి, దాన్నుంచి ప్లాస్టిక్ పైపు డ్రమ్ములోకి వేశాడు. గోడకు స్విచ్చు పెట్టాడు. అరగంటలో పని అయిపోయింది. మర్నాడు పొద్దున స్విచ్చు వేస్తే పన్నెండు నిమిషాల్లో డ్రమ్ములు రెండూ, బిందెలన్నీ నిండాయి. అత్తమ్మ కొంగు దోపుకుని సిద్ధంగా నిలబడింది, ఆమెకు చేసే పని లేదు. కాసేపు చూసి, "ఇగ నేనేం జెయ్యాలె?" అంది. ఆ పొద్దు మేమిద్దరం మెట్ల మీద కూర్చుని వేడివేడిగా చాయ్ తాగాం. పాపకు రెండు జడలు నెమ్మదిగా వేశాను. బడికి వెళ్లేలోపు పేపరు కూడా తిరగేశాను. ఇట్లాంటి పొద్దులు లోకంలో ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

కానీ గల్లీ మాత్రం మారిపోయింది. ఇదివరకు గుంతల్లోంచే ఒకరినొకరు పిలుచుకునేవాళ్లం, "మీకు వస్తున్నయా?" అని. ఇప్పుడు అయిదున్నరకు అందరూ వాకిలి తలుపులు వేసుకునేవారు. ఎవరింట్లో మోటారు ఉందో అందరికీ తెలుసు, ఎవరూ ఉందని చెప్పరు. నీళ్ల ఆఫీసువాళ్లు జీపులో తిరుగుతున్నారని, మోటార్లు ఎత్తుకుపోతున్నారని వారానికోసారి పుకారు పుట్టేది. గల్లీ మొదట్లో జీపు చప్పుడైతే వెళ్లి తలుపు గడియ చూసుకునేదాన్ని. చప్పుడు బయటికి వినపడకుండా మోటారుకు గోనె సంచి చుట్టాం. అది కనపడకుండా పైన ప్లాస్టిక్ టబ్బు బోర్లించాం. అక్క దాని పక్కనే కూర్చుని గిన్నెలు తోమేది. ఆ టబ్బు కింద ఏముందని ఆమె ఎన్నడూ అడగలేదు.

పదిహేను రోజులకు ఆమె ఆలస్యంగా రావడం మొదలైంది. "నల్లా రాలె టీచరమ్మా. బాగ్‌లింగంపల్లి దిక్కు పోయి తెచ్చుకున్న" అనేది. నేను ఆమె కళ్లలోకి చూడలేక, "మా డ్రమ్ములోంచి రెండు బిందెలు తీస్కపో అక్కా" అనేదాన్ని. ఆమె తీసుకుపోయేది. ఇచ్చింది నేనే కాబట్టి నా మనసు తేలిక కావాలి. కాలేదు.

ఎండలు ముదిరాయి. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడి, బడిలో పాఠాలన్నీ మళ్లీ చెబుతున్నాం. ఒక సోమవారం పొద్దున అక్క వచ్చి, గిన్నెల ముందు కూర్చోకుండా తన కుడిచెయ్యి రుద్దుకుంటూ నిలబడింది.

"మా నల్లా ముట్టుకుంటే జుమ్ముమంటున్నది టీచరమ్మా. మొన్నటి సంది గట్లనే ఉన్నది. కరెంటు లెక్క."

"అందరికీనా?"

"చెప్పులు లేనోళ్లకు ఎక్కువ. గుడ్డ చుట్టి తిప్పుతున్నం."

ఎవరి మోటారులోంచో కరెంటు పైపులోకి కారుతోంది. ఇనుప పైపు, తడి నేల, వట్టికాళ్లు. ఆమెకు చెప్పాల్సింది నేనే, కానీ చెబితే మోటారు మాట రావాలి. "జాగ్రత్త అక్కా, పిల్లల్ని దగ్గరికి రానియ్యకుర్రి" అని మాత్రం అన్నాను.

మా ఇంట్లో ఎవరికీ ఆ జుమ్ము తెలియలేదు. తెలిసే వీలు కూడా లేదు. మోటారు వచ్చాక మేము పైపును చేత్తో ముట్టుకోవడమే మానేశాం.

బుధవారం మళ్లీ నీళ్లు. మా ఆయన డబ్బాలోంచి టెస్టరు తీసుకున్నాను. కరెంటు ఉన్నచోట ముట్టిస్తే పిడిలో చిన్న దీపం వెలిగే స్క్రూడ్రైవరు అది. మోటారు నడుస్తుండగా టబ్బు తీసి పైపుకు ముట్టించాను. ఎర్రగా వెలిగింది. గబగబా స్విచ్చు ఆపి మళ్లీ ముట్టించాను. అప్పుడూ వెలిగింది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దాచడం ఎందుకు. మా మోటారు ఆగిపోయినా పైపులో కరెంటు ఉందంటే, అది మాది కాదు. ఇంకెవరిదో.

చెంగు కప్పుకుని ఎదురింటికి పోయాను. ఆయన మోటారు పెద్దది, అందరికంటే పాతది. "అంకుల్, మీ మోటారు జర రెండు నిమిషాలు ఆపుతారా? బస్తీ నల్లాకు కరెంటు వస్తున్నదట, చూడాలె" అన్నాను.

"నీళ్లు పోయే టైముల ఆపమంటవేందమ్మా?" అన్నాడు ఆయన విసుగ్గా. "నా మోటారుకు అర్తింగ్ ఉన్నది. ముందు మీది చూసుకో."

"మాది చూసినంకనే వచ్చిన."

ఆయన ఆపలేదు. నీళ్లు అయిపోయేదాకా ఆ రొద వింటూ గేటు దగ్గర నిలబడి తిరిగొచ్చాను. ఏడింటికి అక్క వస్తే, ఏ అనుమానమూ లేకుండా చెప్పేశాను. "అది ఎదురింటి మోటారు అక్కా. ఆపమంటే ఆపుతలేడు."

నేను ఇంకా చీర కుచ్చిళ్లు సర్దుకుంటుండగానే గల్లీలో కేకలు వినిపించాయి. కిటికీలోంచి చూశాను. అడ్డాకు పోవాల్సిన మగవాళ్లు ఎనిమిది మంది ఎదురింటి గేటు ముందు నిలబడ్డారు. "మా ఆడోళ్లు సస్తే ఎవలు జవాబు?" అని అక్క భర్త అడుగుతున్నాడు. ఎదురింటాయన గేటు వెనక నిలబడి, "నాది కాదు, నాది కాదు" అంటున్నాడు. ఆ వయసులో ఆయన గొంతు వణకడం నాకు బాగా వినిపించింది. చివరికి ఆయన మోటారు ఇక నడపనని మాటిచ్చాక వాళ్లు వెళ్లారు. నేను తలుపు తీయలేదు.

మర్నాడు అక్క పనికి రాలేదు. బడికి పోతూ బస్తీ మొదట్లో ఆగి, అక్కడున్న ఒకామెను అడిగాను.

"వాళ్ల అత్త పడ్డదమ్మా. దావఖానకు తీస్కపోయిన్రు. మణికట్టు ఇరిగిందట."

"ఎట్ల పడ్డది?"

"నిన్న పగటీలి నల్లా కాడ కూసొని, లేద్దామని నల్లా పట్టుకున్నది. గుంజి అవతల పడేసింది."

నారాయణగూడ వైపు నడుస్తున్నాను గానీ ఆమె మాటల్లో ఏదో ఒకటి మింగుడు పడటం లేదు. ముసలామె పడిందన్న భయం అనుకున్నాను. అది కాదు. ఏదో లెక్క తప్పింది, ఏదో తెలియడం లేదు. బస్సుల హారన్ల మధ్య రోడ్డు దాటుతూ అదే ఆలోచన.

మొదటి పీరియడు ఇంటి వైరింగ్ పాఠం. బోర్డు మీద రెండు గీతలు గీశాను. ఒకటి కరెంటును మోసుకొచ్చే ఫేజు తీగ, రెండోది దాన్ని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ తీగ. మధ్యలో దీపం గీసి, స్విచ్చు గీయబోతూ ఏళ్లుగా చెప్పే వాక్యమే చెప్పాను. "స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగలోనే పెట్టాలి."

ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "న్యూట్రల్‌లో పెడితే ఏమైతది టీచర్? దీపం ఆరదా?"

"ఆరుతుంది. కానీ కరెంటు దీపం దాకా వచ్చి..."

అక్కడ ఆగిపోయాను. పగటి పూట పడింది ముసలామె. పగటి పూట నీళ్లు రావు, గల్లీలో ఏ మోటారూ నడవదు. నడవని మోటారు నుంచి కరెంటు రావాలంటే దాని స్విచ్చు తప్పు తీగలో ఉండాలి. ఆపినా అది నిండా కరెంటుతో కూర్చుని ఉండాలి. నేను స్విచ్చు ఆపి టెస్టరు పెట్టినప్పుడు దీపం వెలిగింది. అది మా మోటారే.

సుద్దముక్క కింద పెట్టి, పక్క క్లాసు టీచరుకు పిల్లల్ని చూడమని చెప్పి బయటికొచ్చాను. అత్తమ్మా పాపా ఇంట్లో ఉన్నారు. పదిన్నరకు అత్తమ్మ వాకిలి కడుగుతుంది. టబ్బు జరుపుతుంది. ఆటో దొరికింది గానీ చౌరస్తాలో ఇరుక్కుంది. డ్రైవరు, "జర ఓపిక పట్టుర్రి అక్కా" అంటున్నాడు. నేను దిగి పరుగెత్తాను. ముప్పై ఏళ్ల మనిషిని, చీర కట్టుకుని, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద పరుగెత్తడం నాకు తెలిసి అదొక్కసారే.

వాకిట్లో అత్తమ్మ చీపురు పట్టుకుని నీళ్లు చల్లుతోంది. పాప గుంత మెట్ల మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసింది. నేను అరవలేదు. అరిస్తే పాప అదిరిపడి ఎటు జారుతుందోనని భయం. వెనకనుంచి వెళ్లి పాపను ఎత్తుకుని, "అత్తమ్మా, చీపురు అక్కడ పడేసి లోపలికి రా" అన్నాను. నా ముఖం చూసి ఆమె చీపురు వదిలేసి వచ్చింది. ముందుగదిలో మీటరు దగ్గర ఫ్యూజు లాగేశాను. మళ్లీ వెళ్లి పైపుకు టెస్టరు ముట్టించాను. వెలగలేదు.

స్విచ్చు పెట్టె విప్పి చూశాను. నల్ల తీగ స్విచ్చులోకి పోయింది, ఎర్ర తీగ సీదా మోటారులోకి పోయింది. కారే కరెంటును నేలలోకి దించే అర్తింగ్ తీగ లాగనే లేదు. మోటారుకు మేము చుట్టిన గోనె సంచి నీళ్లు తాగి తాగి, పిండితే కారేట్టుంది. ఆ తడి మోటారు లోపలికి దిగి, అక్కడి కరెంటును పైపు మీదికి దాటించింది. స్విచ్చు తప్పు పెట్టింది ఎలక్ట్రీషియన్. సంచి చుట్టింది నేను.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. "రేపు వైర్లు మార్పిస్త" అన్నాడు.

"మనదని వాళ్లకు చెప్పాలె" అన్నాను.

"ఎందుకు చెప్పుడు?" అంది అత్తమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "ఎదురింటాయన గేటు కాడికి ఎట్ల వచ్చిన్రో చూసినవు గదా. మనింట్ల చిన్నపిల్ల ఉన్నది."

మా ఆయన చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

తెల్లారి బస్తీకి ఒక్కదాన్నే వెళ్లాను. ముసలామె గుమ్మంలో కూర్చుని ఉంది, చేతికి తెల్లగా కట్టు. అక్క నన్ను చూసి స్టూలు వేసింది. కూర్చోలేదు.

"అక్కా, అది ఎదురింటి మోటారు కాదు. మాది. స్విచ్చు తప్పు పెట్టిండ్రు. నేను చూసుకోలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరు కరెంటు పాఠమే గదా చెప్పేది" అంది.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. అర్థంకాక అడిగింది.

"ఇప్పుడు బంద్ జేసిన్రా?"

"చేసినం. ఫ్యూజు తీసేసిన."

ముసలామె ఆ మంచి చేత్తో నా చీర కొంగు పట్టుకుని, "నీ బిడ్డకు గిట్ల ఏం గాలేదు గదా?" అని అడిగింది. అప్పుడు ఏడ్చాను.

అక్క ఏడవనివ్వలేదు. "ఏడిస్తే ఏమొస్తది టీచరమ్మా. కరెంటు పోయింది, మంచిదే. మరి నీళ్లు? మోటార్లు ఉన్నన్ని దినాలు మాకు రావు. గది మీకు తెలుసు, మాకు తెలుసు. టబ్బు కింద ఏమున్నదో నాకు మొదటి దినమే తెలుసు."

అక్కడినుంచి ఎదురింటికి వెళ్లి ఆయనకూ చెప్పాను. ఆయన వినేసి, "అర్తింగ్ ఉన్నదని చెప్పిన గద" అని తలుపు వేసుకున్నాడు. ఏడాది దాకా మాతో మాట్లాడలేదు. ఆయన మోటారు ఆ వారమే మళ్లీ నడిచింది.

ముసలామె చేతికి కట్టు విప్పేదాకా దావఖాన ఖర్చు మేము పెట్టుకున్నాం. రెండు నెలలు మోటారు తీసేసి మళ్లీ గుంతలోకి దిగాను. మిగతా ఇళ్లవాళ్లు ఎవరూ తీయలేదు కాబట్టి మా నల్లాలో నీళ్లు రాలేదు, బస్తీ నల్లాలోనూ రాలేదు. నేను తీసెయ్యడం వల్ల గోడ అవతల ఒక్క బిందె కూడా పెరగలేదు. అక్కతో కలిసి బాగ్‌లింగంపల్లి దిక్కు నడిచి, బిందె నడుం మీద పెట్టుకుని తెచ్చుకున్నాను. అత్తమ్మకు మళ్లీ నడుం పట్టింది. వైర్లు సరిచేయించి, అర్తింగ్ లాగించి, మోటారును పొడి అరుగు మీద పెట్టించి, జూన్‌లో మళ్లీ బిగించాం. ఇందులో గొప్పతనం ఏమీ లేదు. జరిగింది ఇంతే.

అక్క పనికి రావడం మానలేదు. రెండు బిందెలు తీసుకుపోవడమూ మానలేదు. కానీ వాకిట్లో అడుగుపెట్టే ముందు ప్రతిరోజూ గడప దగ్గర ఆగి, "మంచిగున్నదా టీచరమ్మా?" అని అడిగేది. నేను చూసి, ఉంది అని చెప్పాకే లోపలికి వచ్చేది.

రెండేళ్లకు బస్తీలో ఇంటింటికీ నల్లాలు వేశారు. ఒక ఆదివారం పొద్దున అక్క వచ్చి, "జర మా ఇంటిదాకా రాండ్రి" అంది. వెళ్తే, నాలుగిళ్లవాళ్లు కలిసి కొనుక్కున్న మోటారు కొత్తగా మెరుస్తూ అరుగు మీద ఉంది. స్విచ్చు పెట్టె తెరిచి, తీగలు ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. "వెయ్యి" అన్నాను. నీళ్లు డ్రమ్ములో దూకాయి. పిల్లలు చుట్టూ చేరారు. ముసలామె నవ్వుతోంది.

"ఇగ ఆరింటిదాంక పండుకుంట" అంది అక్క.

"మీ గల్లీ చివర మోటారు లేని రెండిండ్లకు వస్తున్నయా?" అని అడిగాను.

"మేం నింపుకున్నంక వాళ్లకు ఇడుస్తం" అంది.

ఆమె ఇచ్చిన చాయ్ తాగి ఇంటికి వచ్చాను.